చల్లారిన గుడ్డ

మార్చి 3, సోమవారం. ఉదయం 5.40

ఇవాళ కూడా కళ్ళు తెరుచుకోలేదు. తెరిచాననే అనుకున్నాను, కానీ ఎదురుగా చీకటే. పుసి కట్టి రెప్పలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. గోడ పట్టుకుని బాత్రూమ్ దాకా వెళ్ళి నీళ్ళు కొట్టుకుంటే కుడి కన్ను తెరుచుకుంది. ఎడమ కంటికి ఇంకో ఐదు నిమిషాలు పట్టింది.

డాక్టరమ్మ రోజూ రాసుకోమంది. ఎప్పుడు మంట, ఎప్పుడు దురద, ఎప్పుడు మసక. ఇంట్లో దొరికిన ఖాళీ పుస్తకం ఇదొక్కటే, మిల్లు వాళ్ళు పారేస్తుంటే తెచ్చుకున్న తప్పుల రిజిస్టరు. ప్రతి పేజీ పైనా నాలుగు గడులు అచ్చు వేసి ఉన్నాయి: తేదీ, రోల్ నంబరు, తప్పు, ఎక్కడ. సరే. తప్పు: మంట. ఎక్కడ: రెండు కళ్ళూ.

మార్చి 3. సాయంత్రం 7.00

డాక్టరమ్మ చెప్పింది ఒకసారి రాసి పెడతాను. ఇంట్లో ఒక్కొక్కళ్ళకీ విడివిడిగా చెప్పలేక నా నోరు నొప్పి పుడుతోంది.

రెప్పల అంచున వరసగా నూనె గ్రంథులు ఉంటాయట. నావి పూడుకుపోయి వాచాయట. నూనె లేకపోతే కన్నీటి పొర నిలవదు, ఆరిపోతుంది. ఆరిపోగానే కన్ను కంగారుపడి బొటబొటా నీళ్ళు కారుస్తుంది. అంటే నా కళ్ళు ఎండిపోయాయి కనకే కారుతున్నాయి. ఇది మా ఆయనకి చెప్తే, ముప్పై ఏళ్ళుగా లిఫ్టులు బాగుచేస్తున్నాను, ఎండిపోయి కారే మిషన్ ఎక్కడా చూడలేదే అన్నాడు. నేను మిషన్ని కాదని గుర్తుచేశాను.

వైద్యం ఏమిటంటే, పొద్దునా సాయంత్రం పది నిమిషాలు కళ్ళ మీద వేడి గుడ్డ. తర్వాత వేలితో రెప్పల్ని అంచు వైపు నొక్కి రుద్దాలి. తర్వాత అంచులు తుడవాలి. తర్వాత చుక్కల మందు. గుడ్డ పది నిమిషాలూ వేడిగానే ఉండాలి, రెండేసి నిమిషాలకోసారి తీసి మళ్ళీ వేడి నీళ్ళలో ముంచాలి, చల్లారిన గుడ్డ వేసుకున్నా ఒకటే వేసుకోకపోయినా ఒకటే అని వేలు చూపించి మరీ చెప్పింది. ఇదంతా ఎన్నాళ్ళు అని అడిగితే, పళ్ళు ఎన్నాళ్ళు తోముకుంటారు అని ఎదురు అడిగింది.

ఇంకొకటి కూడా చేసింది. నేను మాట్లాడుతుంటే నా రెప్పలు లెక్కపెట్టింది. నిమిషానికి మూడుసార్లు వేస్తున్నానట. మామూలు మనుషులు పదిహేను సార్లు వేస్తారట. అసలు మీరేం పని చేస్తారమ్మా అంది.

మార్చి 4, మంగళవారం

బట్టల మిల్లులో చెకింగ్ అని చెప్పాను. అంతకంటే చెప్తే ఏం అర్థమవుతుంది?

వాలుగా ఒక గాజు బల్ల, గాజు కింద ట్యూబ్ లైట్లు. నేసిన గుడ్డ దాని మీదుగా నిమిషానికి పద్దెనిమిది మీటర్ల చొప్పున జారిపోతుంటుంది. తెగిన పోగు, ముడి, చిల్లు, నూనె మరక, ఏది కనపడినా కాలితో పెడల్ నొక్కి ఆపాలి, అంచున ఎర్ర స్టిక్కర్ అంటించాలి. నాకు పని నేర్పిన పెద్దావిడ మొదటి రోజే చెప్పింది. గుడ్డ కదులుతున్నంతసేపూ రెప్ప వేయకు, రెప్పపాటులో బెత్తెడు గుడ్డ వెళ్ళిపోతుంది, రోల్ మారేటప్పుడు తీరిగ్గా వేసుకో అని. ఇరవై రెండేళ్ళుగా అలాగే వేసుకుంటున్నాను. మిల్లులో నన్ను డేగ అంటారు. వెనకాలే అంటారు, నాకు వినపడేలా అంటారు.

ఏప్రిల్ 25న పరీక్ష రోల్. ఏడాదికోసారి మామీద ఒక రోల్ వదులుతారు, అందులో ముప్పై తప్పులు కావాలని పెట్టి ఉంటాయి. ఇరవై ఏడు పట్టాలి. ఒకటి తగ్గినా బల్ల మీంచి లేపి ప్యాకింగ్‌కి పంపేస్తారు. నేను ఇన్నేళ్ళలో ఇరవై తొమ్మిదికి తగ్గలేదు. ఈసారి కళ్ళు ఇలా తగలడ్డాయి.

ప్యాకింగ్‌కి వెళ్ళడం కంటే మిల్లు గేటు దగ్గర కూర్చోవడం నయం. నాకు వచ్చిన పని ఇదొక్కటే.

మార్చి 6, గురువారం

పది నిమిషాలు. ఈ ఇంట్లో ఒక ఆడది పది నిమిషాలు కళ్ళు మూసుకుని కూర్చోవడం ఎంత కష్టమో నాకు ఈ వారమే తెలిసింది. గుడ్డ వేసుకున్న అర నిమిషానికి మా ఆయన వచ్చి స్క్రూడ్రైవర్ ఎక్కడ అన్నాడు. కళ్ళు మూసుకుని ఉన్నాను కదా అన్నాను. తెరవమనలేదు, ఎక్కడుందో చెప్పమన్నాను అన్నాడు. చెప్పాను. అక్కడ లేదన్నాడు. గుడ్డ తీసి, వెళ్ళి, ఆయన ముక్కు కిందే ఉన్నదాన్ని తీసి ఇచ్చాను. మళ్ళీ గుడ్డ ముంచాను. మా అబ్బాయి వచ్చి ఇస్త్రీ అయిందా అన్నాడు.

కోడలు మాత్రం ఏమీ అడగలేదు. ఆ అమ్మాయి ఎప్పుడు ఏం అడిగింది గనక? పెళ్ళయి ఆరు నెలలైంది, ఒక్కసారి నోరారా అత్తయ్యా అని పిలిచిన పాపాన పోలేదు. వచ్చి ఎదురుగా నిలబడుతుంది. నేను తలెత్తి చూస్తాను. ఫోన్ అంటుంది, లేదా నీళ్ళు అంటుంది, వెళ్ళిపోతుంది. ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో మిషన్ పార్టుల డ్రాయింగులు గీస్తుంది, రోజంతా దాంతోనే. నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయేమో. చదువుకున్న పిల్ల, పొగరు. నేను ఏమీ అనను. చూస్తాను, అంతే.

మార్చి 8, శనివారం

తలో సలహా. నా పక్క బల్ల ఆవిడ ఉంది, రేడియో అంటాం, షిఫ్టు మొదలైనప్పుడు ఆన్ అయితే ఇంటికెళ్ళేదాకా ఆగదు. దోసకాయ ముక్కలు పెట్టుకోమంది. టీ సంచులు పెట్టుకోమంది. వాళ్ళ తోటికోడలికి ఆముదం చుక్కతో మూడు రోజుల్లో చేత్తో తీసేసినట్టు పోయిందట. మెడికల్ షాపతను ఎర్రదనం పోయే చుక్కలు చేతిలో పెట్టాడు. డాక్టరమ్మ అవి వద్దంది కదా అంటే, డాక్టర్లు అలాగే అంటారు అన్నాడు.

మార్చి 9, ఆదివారం

ఆముదం వేసుకున్నాను. దాని గురించి ఇక ఏమీ రాయను.

మార్చి 12, బుధవారం

కళ్ళెర్రగా, తడిగా తిరుగుతుంటే లోకమంతా ఓదార్చడానికి దిగుతుంది. బస్సులో ఎవరో అమ్మాయి లేచి సీటు ఇచ్చింది. సూపర్‌వైజర్ పక్కకి పిలిచి ఇంట్లో ఏమైనా ఇబ్బందా, ఒక పూట సెలవు కావాలా అన్నాడు. నూనె గ్రంథులు అని చెప్తే నమ్మినట్టు తలూపాడు.

సాయంత్రం ఎదురింటావిడ మెట్ల దగ్గర ఆపింది. నా చెయ్యి పట్టుకుని, కొత్త కోడలు వచ్చాక మీ కళ్ళు ఒక్కరోజూ పొడిగా చూడలేదు అంది. అప్పుడు నేను కాదు అనాలి. అనలేదు. అవుననీ అనలేదు. ఒక నిట్టూర్పు విడిచి పైకొచ్చేశాను. అప్పుడేమో హాయిగానే అనిపించింది.

మార్చి 18, మంగళవారం. సాయంత్రం 7.30

ఇది ఇప్పుడే రాయాలి.

ఆరుంబావుకి వంటింటి బల్ల దగ్గర కూర్చుని గుడ్డ వేసుకున్నాను. ఇంట్లో మగాళ్ళు లేరు. ఎదురు కుర్చీ కదిలిన చప్పుడు. ఎవరో మాట్లాడడం మొదలుపెట్టారు. నిజంగా రేడియో పెట్టారనుకున్నాను, ఎందుకంటే ఆ గొంతు నాకు తెలీదు. తడుముకోకుండా, ఒక్క ఊపున, చక్కటి మాట. రెండు వాక్యాలయ్యాక తెలిసింది మా కోడలని.

ఎదురింటావిడ తననీ మెట్ల దగ్గర ఆపిందట. ఆ పెద్దదాన్ని ఏడిపించకు, నీకూ ఒక రోజు వస్తుంది అందట. కాదండీ అది రెప్పల జబ్బు అని చెప్పాలని ఎంత ప్రయత్నించినా మాట గొంతు దాటలేదట. ఎవరైనా తన నోటివైపు చూస్తే మాట అక్కడే బిగుసుకుపోతుందట, చిన్నప్పటి నుంచీ అంతేనట. అ-తో మొదలయ్యే మాట అయితే మరీనట. అందుకే మిమ్మల్ని పిలవలేకపోతున్నాను, ఎదురుగా వచ్చి నిలబడుతున్నాను, మీరు వేరేగా అనుకుంటున్నారని తెలుసు అంది. ఇప్పుడు మీరు చూడడం లేదు కనక రాగలిగింది అంది.

ఆరు నెలలు. పొగరు అని ఇదే పుస్తకంలో పై పేజీల్లో రాసుకున్నాను. సిగ్గేసింది, మామూలుగా కాదు.

ఇంతలో గుడ్డ చల్లారిపోయింది. ముంచాలంటే తీయాలి. తీస్తే ఆ అమ్మాయిని చూడాలి. తీయలేదు. మిగిలిన ఎనిమిది నిమిషాలూ చల్లటి తడిగుడ్డ కళ్ళ మీద పెట్టుకుని వింటూ కూర్చున్నాను.

మార్చి 19, బుధవారం

మా వాణ్ణి నిలదీశాను. కాలేజీ నుంచే తెలుసట. తనే చెప్తానంది, అందుకని చెప్పలేదట. చెప్పి ఏడిస్తే నేను అలా అనుకునేదాన్నా అన్నాను. నువ్వు మనుషుల్ని గుడ్డని చూసినట్టు చూస్తావమ్మా అన్నాడు. నేను మామూలుగానే చూస్తాను అన్నాను. అదే చెప్తున్నా అన్నాడు.

అద్దంలో చూసుకున్నాను. రెప్ప వేయకుండా ఎంతసేపు చూశానో మంట పుట్టాక గానీ తెలియలేదు.

మార్చి 22, శనివారం

పొద్దున గుడ్డ వేడి. సాయంత్రం గుడ్డ చల్లన. ఇప్పుడిదే పద్ధతి.

రోజూ వస్తోంది. ఇవాళ బడి సంగతి చెప్పింది. హాజరు పిలిచినప్పుడు ప్రెజెంట్ అనలేక చెయ్యి ఎత్తేదట. టీచరు తల దించుకునే పిలిచేది, చెయ్యి చూసేది కాదు. ఎదురుగా కూర్చున్న పిల్లకి ఆబ్సెంట్ వేసేది. ఏడాది చివర్లో హాజరు చాలలేదని ఇంటికి ఉత్తరం వెళ్ళిందట. వాళ్ళ నాన్న బడికి వచ్చి టీచరుతో గొడవపెట్టుకున్నాడట, ఆయనకీ నత్తే, గొడవ గంటన్నర పట్టిందట. ఈ మాట చెప్పి అమ్మాయి పకపకా నవ్వింది. గుడ్డ కింద నేనూ నవ్వాను. గుడ్డ జారబోయింది, పట్టుకున్నాను.

మార్చి 27, గురువారం

మంట: రోజంతా. మసక: మధ్యాహ్నం రెండు నుంచి.

సాయంత్రం చెప్పింది. పెళ్ళయిన రెండో నెలలో వేరే ఇల్లు చూద్దామని మా వాణ్ణి అడిగిందట. మీరు చూస్తుంటే చేతిలో గిన్నె జారిపోయేది, ఇక్కడ ఉండలేననిపించింది అంది. రెండు ఇళ్ళు చూసి కూడా వచ్చారట. నా మీద పిడుగు పడ్డట్టయింది, గుడ్డ కింద కదల్లేదు. ఈ పది రోజులుగా ఆ ఊసు ఎత్తడం మానేశానంది.

ఇక గుడ్డ వేడి చేసుకోవడానికి లేస్తానా నేను?

మార్చి 31, సోమవారం

డాక్టరమ్మ దగ్గరికి రెండోసారి. లైటు వేసి రెప్ప నొక్కి చూసింది. నూనె కరగనే లేదు, టూత్ పేస్టులా గట్టిగా ఉంది అంది. గుడ్డ పెడుతున్నారా అంది. రెండు పూటలా అన్నాను. పది నిమిషాలూ వేడిగా ఉంచుతున్నారా అంది. ఆ, పొగలు కక్కేంత అన్నాను. మరి ఎందుకు తగ్గలేదో అని తల గోక్కుంది. పాపం, పుస్తకాలు తిరగేస్తుందేమో ఇవాళ.

పరీక్షకి ఇంకా ఇరవై ఐదు రోజులు.

ఏప్రిల్ 4, శుక్రవారం

అరచెయ్యంత నూనె మరక. లేత రంగు గుడ్డ మీద. నా బల్ల మీంచి దాటిపోయింది, నాకు కనపడలేదు. రేడియో చూసింది. లేచొచ్చి ఒక్క మాట మాట్లాడకుండా ఎర్ర స్టిక్కర్ అంటించి వెళ్ళి కూర్చుంది. ఆవిడ మాట్లాడకుండా ఉండడం ఇరవై ఏళ్ళలో ఇదే మొదటిసారి. నాకు భయం వేసింది.

ఏప్రిల్ 9, బుధవారం. సాయంత్రం 8.00

తప్పు నాదే. ముందు అది రాసి తర్వాత మిగతాది.

నూనె మరక సంగతి అమ్మాయికి చెప్పాను. రెప్ప వేశానేమో, ఆ బెత్తెడులో పోయి ఉంటుంది అన్నాను. గాజు బల్ల పొడవెంత అని అడిగింది. మీటరున్నర అన్నాను. గుడ్డ నిమిషానికి పద్దెనిమిది మీటర్లంటే సెకనుకి ముప్పై సెంటీమీటర్లు, అంటే ఏ మరకైనా మీ కళ్ళముందు ఐదు సెకన్లు ఉంటుంది, రెప్పపాటు సెకనులో మూడో వంతు, మీరు రెప్ప వేస్తే ఏదీ పోదు, బల్ల పై అంచున కనపడకపోతే కింది అంచు చేరేలోగా కనపడుతుంది అంది. లెక్క తప్పేమో చూసుకోండి అంది.

లెక్క తప్పు కాదు. అదే మండింది. ఇరవై రెండేళ్ళు నేను రెప్ప బిగబట్టింది దేనికి? పెద్దావిడ చెప్పింది, ఆవిడకి ఇంకెవరో చెప్పారు, బల్ల ముందు కూర్చున్న ఏ ఒక్క మనిషీ బల్ల పొడవు కొలిచి చూడలేదు. పెద్దావిడ కళ్ళు కూడా చివర్లో ఎప్పుడూ ఎర్రగా, తడిగా ఉండేవి. మొగుడు పోయిన దుఃఖం అనుకునేవాళ్ళం.

గుడ్డ లాగి పారేశాను. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల నాకు పని నేర్పుతుందా అన్నాను. అని, చూశాను. ఎలా చూస్తానో అలాగే. అమ్మాయి ఏదో అనబోయింది. నోరు తెరుచుకుంది, మాట రాలేదు, మెడ నరాలు బిగుసుకున్నాయి. లేచి గదిలోకి వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 13, ఆదివారం

నాలుగు రోజులుగా రాలేదు. నాలుగు రోజులుగా రెండు పూటలా గుడ్డ పది నిమిషాలూ వేడిగా ఉంది, రెండేసి నిమిషాలకి ముంచుతున్నాను, డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు. మంట సగానికి తగ్గింది. పొద్దున కళ్ళు వాటంతట అవే తెరుచుకున్నాయి. బస్సు నంబరు దూరం నుంచే చదివాను. ఇలాగే పన్నెండు రోజులు చేస్తే పరీక్ష గట్టెక్కుతాను.

ఇంట్లో ఉండబుద్ధి కావడం లేదు.

మా ఆయన పేపరు తీసి ఇళ్ళ అద్దెల పేజీ మడతపెట్టి ఉందేమిటి అని అడిగాడు. నాకేం తెలుసు అన్నాను.

ఏప్రిల్ 14, సోమవారం

సాయంత్రం గుడ్డ వేసుకున్నాను. వేడి నీళ్ళ గిన్నె సింకులో పారబోసి మరీ కూర్చున్నాను, మళ్ళీ లేచే పని లేకుండా. ఖాళీ కుర్చీతో గట్టిగా చెప్పాను, గదిలోకి వినపడేలా. లెక్క కరెక్టే. నేను మాట తూలాను. పెద్దదాన్నని ఊరుకోవద్దు, తప్పు తప్పే. ఎదురింటావిడకి కాదని చెప్పకపోవడం ఇంకా పెద్ద తప్పు, నువ్వు ఏడిపించావని ఆవిడ అనుకుంటుంటే నేను నిట్టూర్చి వచ్చాను. ఇంత చెప్పేసరికి గుడ్డ చల్లారింది.

చాలాసేపటికి కుర్చీ కదిలింది. నిట్టూర్పు సంగతి నాకు తెలీదు అంది. తెలియకపోతే బాగుండేది అని కూడా అంది. కానీ కూర్చుంది.

ఏప్రిల్ 15, మంగళవారం

పొద్దున్నే ఎదురింటి తలుపు కొట్టాను. మా కోడలు బంగారం, నాది రెప్పల జబ్బు, నూనె గ్రంథులు అని మొత్తం విప్పి చెప్పాను. చెప్తుండగానే కళ్ళమ్మట బొటబొటా కారింది. ఆవిడ నా వీపు నిమిరి, ఇంత జరిగినా కోడల్ని వెనకేసుకొస్తున్నారు, మీ మంచితనమే మీకు శత్రువు అంది.

నా తల తీసుకెళ్ళి ఏ గోడకి కొట్టుకోవాలి!

ఏప్రిల్ 21, సోమవారం

సాయంత్రాలు చల్లగుడ్డే. మంట మళ్ళీ మొదలైంది. పొద్దున పది నిమిషాలకి ఐదు కలిపి సరిపెడుతున్నాను, సరిపోవడం లేదు. కళ్ళు తెరిచి మాట్లాడుకుందాం అని నేను అనగలను. అంటే వస్తుందా, మానేస్తుందా? మానేస్తే మళ్ళీ ఆ పేపరు, ఆ మడత. పరీక్ష నాలుగు రోజులుంది. నాలుగు రోజులు ఆగమని అమ్మాయికి చెప్పనూలేను.

ఏప్రిల్ 25, శుక్రవారం. ఉదయం 6.00

రెప్ప వేస్తాను. లెక్క సరైనదే. వేస్తాను.

ఏప్రిల్ 25. సాయంత్రం

వేయలేదు.

వేద్దామనే కూర్చున్నాను. గుడ్డ కదిలింది, రెప్ప బిగుసుకుంది. ఇరవై రెండేళ్ళ అలవాటు, నా మాట ఎందుకు వింటుంది? వేయి, వేయి అని లోపల నుంచి అరుస్తున్నాను, పడడం లేదు. అప్పుడు ఆ అమ్మాయి గొంతులో మాట ఎలా బిగుసుకుంటుందో తెలిసొచ్చింది. మొదటి పదిహేను తప్పులు బాగానే పట్టాను. తర్వాత నీళ్ళు కమ్మేశాయి, లైట్లన్నీ కలిసి ఒకే తెలుపు. చేతికి తోచినట్టు పెడల్ నొక్కాను. రెండుసార్లు ఏమీ లేని చోట స్టిక్కర్ అంటించాను.

ఏప్రిల్ 26, శనివారం

ఇరవై నాలుగు.

సోమవారం నుంచి ప్యాకింగ్. మూడు నెలల తర్వాత కావాలంటే ఇంకోసారి పరీక్ష రోల్‌కి కూర్చోవచ్చట, సూపర్‌వైజర్ నా మొహం చూడకుండా చెప్పాడు. రేడియో నా బల్ల సొరుగులోని స్టిక్కర్లూ కత్తెరా ఒక డబ్బాలో సర్ది ఇచ్చింది.

ఆ సాయంత్రాలు చల్లగుడ్డ పెట్టుకున్నందుకు విచారం లేదు అని రాయాలనుంది. ఉంది. బోలెడంత ఉంది. ఆ బల్ల నాది. మళ్ళీ అదే అవకాశం ఇస్తే ఏం చేస్తానో కూడా తెలుసు, అందుకే ఇంత ఒళ్ళుమంట.

ఏప్రిల్ 29, మంగళవారం

ప్యాకింగ్. మడతపెట్టు, కవర్లో తొయ్యి, అంటించు. నా చేతికొచ్చిన ఒక మడతలో తెగిన పోగు కనపడింది. ఎవరికి చెప్పాలో తెలీక స్టిక్కర్ అంటించాను. ప్యాకింగ్ మేస్త్రీ స్టిక్కర్ పీకి పారేసి, ఇక్కడ మడత పని చాలు అన్నాడు.

ఇంట్లో మా ఆయనకి చెప్పాను. స్క్రూడ్రైవర్ కింద పెట్టి నా పక్కన కూర్చున్నాడు.  చుక్కల మందు సీసా మూత తీసి ఇచ్చాడు.

మే 1, గురువారం

సాయంత్రం గుడ్డ కోసం నీళ్ళు పెట్టబోతే స్టవ్ మీద గిన్నె లేదు. బల్ల మీద ఒక చిన్న సంచి ఉంది. రెండు కళ్ళ వెడల్పున, మెత్తటి నూలు గుడ్డతో కుట్టింది, లోపల గోధుమలు. ఓవెన్‌లో పెట్టి తీసింది, వెచ్చగా, బరువుగా ఉంది. కుట్టు చూశాను, చూడకుండా ఉండలేను కదా. ఒక మూల రెండు కుట్లు వదులు. నోరు మూసుకున్నాను.

కళ్ళ మీద పెట్టుకున్నాక కుర్చీ కదిలింది. ఇది పదిహేను నిమిషాలు చల్లారదు, గడియారం పెట్టి చూశాను అంది. మొదటి రోజు నుంచీ చూస్తున్నానంది, గుడ్డ మీద ఆవిరి రెండో నిమిషానికే ఆగిపోయేదట, అయినా మీరు తీయలేదు, తీస్తే నేను లేచిపోతానని తీయడం లేదని నాకు తెలుసు, తెలిసీ చెప్పలేదు, చెప్తే మీరు ముంచుకోవడానికి లేస్తారు, లేస్తే నా మాట ఆగిపోతుంది, నాకు ఆపబుద్ధి కాలేదు అంది. మీ బల్ల నా వల్లే పోయింది అంది. అని ఏడ్చింది.

నేను ఏడవలేదు. ఏడిస్తే సంచి తడుస్తుంది, గోధుమలు మొలకెత్తుతాయి అన్నాను. నవ్వింది. తర్వాత చెయ్యి చాపితే దాని చెయ్యి దొరికింది.

మే 5, సోమవారం

పొద్దున సంచి, సాయంత్రం సంచి. నూనె కరుగుతోంది, వేలికి తెలుస్తోంది. అద్దం ముందు నిలబడి రెప్పలు వేయడం ప్రాక్టీసు చేస్తున్నాను, మూసి, నొక్కి, తెరిచి. మా ఆయన ఎవరికి సైగ చేస్తున్నావు అన్నాడు. జూలై 25కి ఎన్ని రోజులుందో వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాను.

మే 11, ఆదివారం. ఉదయం

సంచి లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. అమ్మాయి ఎదురుగా వచ్చి నిలబడింది. నేను తలెత్తాను. అ దగ్గర ఆగిపోయింది. మెడ బిగుసుకుంది. నేను రెప్ప వేశాను. తొందరపెట్టకుండా, మూసి, నొక్కి, తెరిచి. మళ్ళీ వేశాను. పదకొండోసారి తెరిచేసరికి మాట వచ్చింది.

అత్తయ్యా, మీరు ఎడమ కంట్లో మందు వేసుకోవడం మర్చిపోయారు అంది.

తేదీ: పైన ఉంది. తప్పు: నాదే. ఎక్కడ: ఎడమ కన్ను. పట్టింది: కోడలు.